లోమడత

ఓటేరి వంతెన దిగి ఎడమకు తిరిగితే
కింద నా కుట్టు దుకాణం, దానిమీద జిమ్ము.
పైన ఇనుము పడిందంటే
కింద నా సూది ఒక పోగు తప్పుతుంది.
పదకొండేళ్ళు ఆ చప్పుణ్ణి తిట్టుకున్నాను.
ఈ మార్చి నుంచి అందులో నాదీ ఒక చప్పుడు.

డాక్టరమ్మ చెప్పింది:
షుగరు గడప దాకా వచ్చింది, లోపలికి ఇంకా రాలేదు, అని.
ఆ రాత్రి నా టేపు నాకే చుట్టుకున్నాను.
నడుము నలభై. జబ్బ పదిన్నర.
ఇరవై ఆరేళ్ళుగా ఈ పేట కొలతలన్నీ ఎక్కిన పుస్తకంలో
నా పేరు ఒక్కచోటా లేదు.
దస్తగిరి అని రాసి తేదీ వేసుకున్నాను.
వేరే గిరాకీ అయితే అడ్వాన్సు అడిగేవాణ్ణి.

ఏళుమలై మాస్టరు నా చుట్టూ ఒక తిరుగుడు తిరిగి
"ముందు పొట్ట దించాలన్నా,
బురదలో ఎవడైనా గోడ కడతాడా?" అన్నాడు.
అద్దాన్ని వదలని పార్తిబన్,
పద్దెనిమిదేళ్ళు, మెడ ఎక్కడుందో తెలీని కండ,
"వద్దన్నా, ముందు తిను, చెయ్యి పెంచు.
కరిగించాలన్నా ఒంట్లో పొయ్యి ఉండాలిగా" అన్నాడు.
వాళ్ళ అరవం, నా తెలుగు, మధ్యలో తిరగని ఫ్యాను.
గుడ్లు రోజుకెన్ని అనే దగ్గర
ముగ్గురం ఊపిరి తీసుకున్నాం.

ఇంటికొచ్చి హుస్సేనమ్మను అడిగాను, ఏది ముందు? అని.
"మిషను కింద పడ్డ బొత్తాలు ఏరు ముందు,
వంగగలవో లేదో చూద్దాం" అంది.
వంగాను.
ఏడు బొత్తాలు, ఒక రూపాయి బిళ్ళ.
లేచేటప్పుడు గోడ పట్టుకున్న సంగతి
ఆమె చూడనట్టే ఉంది.

నా పని నాకు నేర్పింది ఒకటే:
తొందరపడి కత్తెర పెట్టకు.
తెగిన గుడ్డకు గుడ్డ మొలవదు.
వదులైతే నాలుగు కుట్లు, పది నిమిషాలు.
బిగుతైతేనే లోమడత విప్పాలి.
అందుకే ఎవరికి కుట్టినా పక్కల్లో రెండంగుళాలు దాస్తాను,
పెళ్ళికొడుకులకు మూడు.
ఆ లెక్కన పార్తిబన్ మాటే నిజం.
కానీ ఈ ఒంటిని కుట్టినవాడెవడో
లోమడతంతా తెచ్చి పొట్టలోనే పెట్టాడు.

పైగా ఈ పొట్ట మీద నాకు కోపం లేదు.
అదీ అసలు చిక్కు.

ఉదయగిరి నుంచి రైలు దిగిన నాడు నా నడుము ఇరవై ఆరు.
ప్యాంటు నిలిపింది బెల్టు కాదు, పురికొస.
మింటు వీధి కొట్లో కాజాలు కుట్టాను, కాజాకు పావలా,
రాత్రికి ఒక పరోటా,
సాల్నా మాత్రం అడిగినంత.
మూడో ఏడు, సెంట్రల్ స్టేషన్లో,
రంగు బల్బులు వెలిగే తూకం మిషనెక్కి రూపాయి వేశాను.
అరవై ఒకటి, అంది అట్టముక్క.
వెనక జాతకం: మీ మాటకు విలువ పెరుగును.
దాన్ని మనియార్డరుతో పాటు మస్తానక్కకు పంపాను.
అక్కకు చదువు రాదు,
అంకె మాత్రం ఇద్దరి చేత చదివించుకుందట,
ఒకడు అబద్ధం చెబుతాడేమోనని.

అలాంటి పొట్టను
ఎలా పొమ్మంటాం, పేరు పెట్టి?

నిన్న నాకోసం ఒక చొక్కా కత్తిరించాను,
నా చేత్తో నాకు కుట్టుకునే మొదటిది.
చేతుల్లో ఎడాపెడా మూడంగుళాల లోమడత,
పెళ్ళికొడుక్కి లాగా.
నడుము దగ్గర పక్కా కుట్టు వెయ్యలేదు,
తెల్లదారంతో కచ్చా కుట్టు, లాగితే వచ్చేది.
ఏది ముందో చొక్కాకూ చెప్పలేదు.

ఇవాళ పొద్దున రెండు గుడ్లు తిన్నాను, అన్నం సగం మానాను,
మాస్టరుకు ఒకటి, పార్తిబన్‌కు ఒకటి.
మెట్లెక్కి, ఎనిమిది కిలోలది ఎత్తి,
పన్నెండోసారికి చెయ్యి జారి వదిలేశాను.

కింద దుకాణంలో
కొత్తగా చేరిన కుర్రాడు సైదులు
సూది పోగు తప్పిందని
నన్ను గట్టిగా ఒక తిట్టు తిట్టాడు.