ఇరవై ఎనిమిదో రోజు

నాలుగున్నరకి, అలారం కంటే ముందే
నా కుడి మోకాలు లేస్తుంది.
అరసి పుస్తకం మీదే పడి నిద్రపోతోంది,
చెంప మీద పెన్సిల్ సూత్రమొకటి తిరగబడి అచ్చయింది.
బూట్లు చేత్తో పట్టుకుని మెట్లు దిగుతాను
నా హాస్టల్‌కి నేనే దొంగని.

గేటు దగ్గర సెల్వమణి రిజిస్టరు తెరిచి
"ఎంగే?" అంటాడు, రోజూ అడిగినట్టే.
'కారణం' గడిలో పరుగు అని తెలుగులో రాస్తాను.
అతనికి చదవడం రాదు, వార్డెన్‌కీ రాదు.
ఎవరూ ఏమీ అనకుండా
ఎనిమిదో సెమిస్టరు దాకా వచ్చింది.

మందవెళి దాటాక వంతెన.
ఉప్పగాలి, అందులో కాస్త కుళ్ళు.
కింద అడయారు, సముద్రం వెనక్కి తోస్తుంటే
ఎటు పోవాలో తేలక నిలబడి ఉంది.
నేనాగి దానికి సలహా ఇవ్వను.
నాకు ఇచ్చేవాళ్ళే చాలామంది ఉన్నారు.

గూడూరు నిమ్మకాయల మండీలో లెక్కలు రాసే అక్క
ఫోన్‌లో బస్తా ధర చెప్పి, ఆనక అడుగుతుంది:
"జులై ఏడు కదా నువ్వు ఒరగడంలో చేరేది?
పొద్దన్నే ఆ పరుగులెందుకే, ఏమొస్తది?"
చెమటొస్తది అంటాను.
నవ్వుతుంది. నవ్వు అయిపోయాక
మళ్ళీ జులై ఏడు దగ్గరికే వస్తుంది.

అక్షరాలు గీయడం నేర్పే బడి ఒకటుందని,
దాని అప్లికేషన్‌కి ఆదివారమే ఆఖరని
ఇంకా చెప్పలేదు.
ఆదివారమే పది కిలోమీటర్ల పోటీ కూడా.

బీచ్ చివర, కుప్పం దగ్గర,
నా టైమింగ్ రోజూ పాడవుతుంది.
బోర్లించిన పడవల మీద పేర్లు.
ఎనామెల్ పెయింటు, చేతిరాత,
ఒక్కో అక్షరం పొట్ట ఒక్కో రకం.
వాచీ పరుగెడుతూనే ఉంటుంది, నేను
చెమట చేత్తో నోటుబుక్కు తడిపేస్తూ గీసుకుంటాను.

నిన్న కుంచె పట్టుకున్నాయన అడిగాడు:
"తెలుంగా మా? మా ఇంట్లోనూ అదే.
మాట్లాడతాం. రాసేదే తెలీదు.
నా పేరు ఎట్లుంటదో చూపీ."
ఏళుమలై.
నాలుక మడిస్తే తప్ప పలకని ఆ నడిమి అక్షరం
నా దగ్గర లేదు. ళ తో సరిపెట్టాను.
ఆయన చూసి చూసి, పడవ లోపలి పలక మీద,
'మ'కి ముందు తలకట్టు వేసి
తర్వాత తల తెచ్చాడు.
తోక కాస్త పొడుగైంది.
తప్పే, కానీ నాకంటే బాగా గీశాడు.
తిరిగొచ్చేసరికి మెస్‌లో ఇడ్లీ లేదు.

ల్యాబ్ తొట్టిలో నావి తొమ్మిది కాంక్రీటు ఘనాలు.
ఏడో రోజు మూడు పగలగొట్టాం,
పద్నాలుగో రోజు మూడు.
చివరి మూడూ నీళ్ళలో, ఎనుముల్లా, కదలకుండా.
"తొందర పెడితే అది అబద్ధం చెప్తుంది"
అంటారు వేదనాయగం సార్,
ప్లేస్‌మెంట్ల గురించి కాదు, సిమెంటు గురించే.

ఇవాళ ఇరవై ఎనిమిది.
మొదటిది బాగా ఓర్చుకుంది. రెండోదీ.
మూడోదానికి సూది సగం దాకా ఎక్కి
టప్పుమని వెనక్కొచ్చింది.
పగిలిన ముఖంలో, కంకర పక్కన,
గోరంత గవ్వ.

"ఈ ఇసుక ఎక్కడిది?"
సార్ నా ముఖం చూడలేదు, బూట్లు చూశారు.
కలిపిన రోజు పొద్దున స్నానానికి టైము లేక
బీచ్ నుంచి నేరుగా వచ్చానని గుర్తొచ్చింది.
చెప్పలేదు. ఆయన ఎర్ర పెన్నుతో
మూడోది లెక్కలోకి రాదు అని రాసి
టీకి వెళ్ళిపోయారు.

గవ్వ జేబులో వేసుకున్నాను.
రాత్రి ఒరగడం వాళ్ళు పంపిన ఫారంలో
'అభిరుచులు' దగ్గర ఆగాను.
రెండంగుళాల గడి.
అరసి తల ఎత్తకుండా "చదవడం అని పెట్టు,
అందరూ అదే పెడతారు" అంది.

పెట్టలేదు. ఖాళీగానూ పంపలేదు.
ఫ్రిజ్‌లో ఐసు ఉందేమో చూడాలి, మోకాలికి.
ఇవాళ గురువారం.