ఆదివారం దాకా

గవర్నరుపేటలో మెట్లకింద కొట్టు.
తన కళ్లజోడు తుడుచుకునే గుడ్డతో
మస్తాన్‌వలి ఆ లెన్సు తుడిచి ఇచ్చాడు.
ఆ మర్యాదకే సగం పడిపోయాను.

డెబ్భై నుంచి మూడొందల దాకా లాగుద్దట.
ఆరు వేల ఐదొందలు, ఆఖరు మాట.
టార్చి వేసి చూస్తే లోపల ఓ మూల
సాలీడు కాలంత బూజు.
"ఫోటోలో పడదు సార్, మీ మనసులో పడుద్ది" అన్నాడు.

రెండొందల దగ్గర రింగు మొరాయిస్తోంది.
ఎన్ని తలంబ్రాలను దూరం నుంచి దోసిట్లోకి లాగిందో,
రబ్బరు మీద ఎవరిదో బొటనవేలి అరుగుదల.
నా వేలు సరిగ్గా అక్కడే కూర్చుంది.

"వంతెన దాకా పోయి చూసుకోండి, బండి తాళాలు ఇక్కడ పెట్టి."

కాలువ అవతల కేబుల్ తీగ మీద
రోజూ నేను చూసే నీలం చుక్క.
రింగు తిప్పాను.
చుక్కకి ముక్కొచ్చింది, ముక్కున చేప,
చేపకి ఇంకా తెరిచే ఉన్న కన్ను.
నొక్కడం మర్చిపోయాను.

మొన్న మా చిన్నది అంది:
"బోర్డు మీద అక్షరాలన్నీ చుక్కలే నాన్నా."

లకుముకి ఎగిరిపోయింది.
తీగ మాత్రం చాలాసేపు ఊగింది.

మూడొందలు బయానా ఇచ్చి తాళాలు తీసుకున్నాను.
మిగతా డబ్బుతో పక్కసందులో
కళ్లద్దాల కొట్టు మెట్లెక్కాను.
వెనక మస్తాన్‌వలి చీటీ రాసి లెన్సుకి చుడుతున్నాడు:
"నాంచారయ్య గారిది. ఆలోచిస్తున్నారు."