గడువు తీరినవాటి సంగతి

బ్రనోలో ఆదివారం. నాలుగో నంబరు ట్రామ్
తడిసిన పట్టాల మీద మూలుగుతూ మలుపు తిరిగింది.
నా తాళంచెవి బరువెక్కిందని
కొత్త సాఫ్ట్‌వేర్ గొణుగుడు.
తెరిచి చూశాను.
నా పేరు కింద నూట పన్నెండు సంతకాలు.

జేబులో దాచుకునే చెవి కాదిది.
నలుగురి ముందూ పెట్టేది.
దీంతో ఎవరైనా నాకు ఉత్తరం మూసి పంపొచ్చు,
విప్పేది నేనొక్కదాన్నే.
ఇది నాదేనని నమ్మేదెలా మరి?
అందుకూ ఆ సంతకాలు.

రెండువేల మూడు, నవంబరు.
జూడో నేర్పే హాలు, చెమట వాసన చాపలు.
బూట్లు బయట వదిలి
రెండు వరుసలుగా ఎదురెదురు నిలబడ్డాం.
ఒక చేతిలో పాస్‌పోర్టు, ఒక చేతిలో కాగితం,
కాగితం మీద నాలుగేసి అక్షరాల పది గుంపులు.
దాన్నీ వేలిముద్రే అంటాం.
కాగితం చూసి, తలెత్తి,
ముక్కూ చెవులూ పోల్చుకుని, టిక్కు పెట్టి
పక్కకు ఒక్క అడుగు.
నన్ను పెళ్లాడినవాడు కూడా
అంత నిదానంగా చూడలేదు నా మొహం.

ఆ పెళ్లాడినవాడు, ఒతకార్, అదే వరుసలో ఉన్నాడు.
విడిపోయిన ఏడాది తన సంతకం రద్దు చేశాడు.
రద్దు చేస్తే సంతకం పోదు.
దాని పక్కన ఇంకో సంతకం పుడుతుంది.
తుడవడానికీ చేవ్రాలే కావాలి ఇక్కడ.
ఇంతకీ ఏమన్నట్టు?
నేను నేను కాదనా?

సరే, కత్తెర పట్టుకున్నాను.
గడువు తీరినవి అరవై ఒకటి.
అప్పటి గణితాన్ని నమ్ముకుని
ఇప్పుడు చెల్లని కాణీలైనవి ముప్పై పైచిలుకు.
కొన్ని వట్టి అంకెలు,
వెనక మనిషెవరో ఏ సర్వరూ చెప్పదు.
మూతపడిన కంపెనీ చిరునామాతో, నా పాత ఇంటిపేరు.
దానికీ నీళ్లొదిలేశాను.

క్వెతొస్లావాది గడువు తీరింది.
ఆమె రోజూ కింది అంతస్తులో వయొలిన్ వాయిస్తూనే ఉంది.
జ్బినెక్‌ది మాత్రం చెల్లుతోంది.
జ్బినెక్ పోయి నాలుగేళ్లు.

పాత సంతకం బలహీనమని
రెండువేల పదహారులో తనే వచ్చాడు, మళ్లీ చేస్తానని.
పదమూడేళ్ల స్నేహం, ఎదురుగా కాఫీ,
పాస్‌పోర్టు చూపించమన్నాడు.
నవ్వాను. నవ్వలేదతను.
"నాకు తెలిసింది రాయను, ద్రహొమీరా.
చూసిందే రాస్తాను."
చూశాడు. ఫొటో వెలుతురుకెత్తి మరీ.
గడువు ఎప్పటిదాకా అని యంత్రం అడిగితే
సున్నా కొట్టాడు. సున్నా అంటే ఎప్పటికీ అని.

శుభ్రం చేయమన్నాను. క్షణం పట్టలేదు.
నూట పన్నెండు పోయి తొమ్మిది మిగిలాయి,
నా యంత్రంలో మాత్రమే.
బయట ఎక్కడో, ఎవరి అటక మీదో
మొత్తం మందీ ఇంకా మేజోళ్లతో
ఆ చాపల మీదే నిలబడి ఉంటారు.
రేపు తాజా ప్రతి తెచ్చుకుంటే
తోసుకుంటూ లోపలికొస్తారు.

అతని తాళంచెవి మీద నా సంతకమూ ఉంది:
ఈ మనిషిని చూశాను, ఇది ఇతనిదే.
రద్దుకు కారణాల పట్టిక అంతా వెతికాను.
ఉన్న కారణాల్లో ఏదీ కారణం కాదు.
వదిలేశాను.

భద్రపరచాలా అని అడుగుతోంది తెర.
ఎందుకో సొరుగు లాగి పాస్‌పోర్టు తీశాను.
మార్చిలోనే గడువు తీరిపోయింది.