తిరగబడ్డ ముద్ర

మా తాత అరదాడి పోలయ్య రంగం వెళ్ళలేదు.
రంగం వెళ్ళినవాళ్ళని మాత్రం
కాకినాడ రేవునుంచి స్టీమరు దాకా
ఐదు మైళ్ళు నావలో మోశాడు.
ఒడ్డు దగ్గరికి రాదు కదా స్టీమరు,
మన బురదంటే దానికి భయం.

మనుషుల్ని బరువుతో గుర్తుపెట్టుకునేవాడు.
మాసూళ్ళయ్యాక వెళ్ళేవాళ్ళకి
నావ జానెడు మునిగేదట,
మూడేళ్ళకి తిరిగొచ్చేటప్పుడు
ట్రంకుపెట్టెలున్నా బెత్తెడే.
"తేడా ఎక్కడ దిగిపోయిందో
నన్నడక్కండి, ఆయ్" అనేవాడు.

డిపో అంటే ఓ రేకుల షెడ్డు.
తాళ్ళరేవు వాళ్ళు, పోలేకుర్రు వాళ్ళు,
ఎగువనుంచి కాలవ పడవల్లో
రెండు రాత్రులు కూచునే వచ్చినవాళ్ళు.
ఫినాయిలు వాసన. నాలిక చాపు. రెప్ప ఎత్తు.
జబ్బ మీద టీకా మచ్చేదీ?
అన్నీ సరిపోతే ముంజేతి మీద
గుండ్రటి నీలం ముద్ర.
ముద్ర పడితే నావ. లేకపోతే
వచ్చిన కాలవే.

ఒకనాడు పంతగడ ముసలయ్యకి పడింది,
పెళ్ళాం మంగాయికి పడలేదు.
కళ్ళు ఎర్రగా ఉన్నాయన్నారు.
కలకో, ఏడుపో
డాక్టరు అడగలేదు, వెనక వరస చాలా ఉంది.

షెడ్డు వెనక, నీళ్ళ తొట్టి దగ్గర
చుట్ట ముట్టించుకుంటూ తాత చూశాడు:
ఆమె తన ముంజెయ్యి నాలికతో తడిపి
మొగుడి ముంజేతికి అదిమి పట్టింది.
ఒక గుక్క పొగ పీల్చేంతసేపు.
ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు.

ముద్ర దిగింది. పలచగా,
అక్షరాలన్నీ ఎదురు తిరిగి.

నావెక్కేచోట ముద్ర చూడాల్సింది తాతే.
చదువు రాని తాత
చాలాసేపు చూశాడు, చదువొచ్చినవాడిలాగే.
"ఎక్కండమ్మా" అన్నాడు.
నావ ఇంకాస్త మునిగింది.

అవతలి రేవులో
చదవగల కళ్ళు ఉంటాయేమోనని
ఆ తర్వాత ముప్పయ్యేళ్ళు ఆయనకి దిగులు.
యుద్ధమొచ్చి, స్టీమర్లు ఆగిపోయి,
అడవులు పడి నడిచొచ్చినవాళ్ళని కూడా అడిగాడు.
మంగాయిలు చాలామందే ఉన్నారన్నారు వాళ్ళు,
ఏ ఊరి మంగాయి?

నన్ను బళ్ళో వేశాక
సాయంత్రం ఉప్పుటేరు గట్టుకి తీసుకెళ్ళి
పలక నీళ్ళ మీదికి వంచమనేవాడు.
"లోపల కనపడేది చదువు చూద్దాం."
నీళ్ళు కదిలేవి. నాకు వచ్చేది కాదు.
"చదవలేం తాతా" అంటే
ఎంత సంతోషపడేవాడో.

మర్నాడు మళ్ళీ అడిగేవాడు.