చెయ్యి అడ్డం

నుంగంబాకంలో ఆ తలుపు మీద పేరు లేదు,
ఇత్తడి పిడి మాత్రం ఉంది.
నేను పట్టుకునేలోపే లోపల్నించి ఎవరో లాగారు.
ఎవరో బయటికొస్తున్నారనుకుని
అలవాటుగా గోడవారకి తప్పుకున్నాను.
పినాకపాణి నవ్వాడు.
"మీకోసమే తీశారు, నాయుడుగారూ."

గారు.
ట్రిప్లికేన్ మెస్సులో ముప్పై ఒక్క ఏళ్ళు
నన్ను "పప్పూ!" అని పిలిచేవాళ్ళు, "రసం!" అని పిలిచేవాళ్ళు.
చేతిలో ఏ బకెట్ ఉంటే అదే నా పేరు.
ఇక్కడ ఒక పిల్లవాడు వంగి
ముందు తన పేరు చెప్పాడు: ఎళిలన్.
వడ్డించేవాడికి పేరుంటుందని
వడ్డించినవాణ్ణి, నాకే ఆశ్చర్యం వేసింది.

నాకిచ్చిన మెనూలో ధరలు లేవు.
పాణి దాంట్లో ఉన్నట్టున్నాయి,
అతని కళ్ళు మాటిమాటికీ కుడివైపుకి పోతున్నాయి.
నా దాంట్లో అడుగున చిన్న అక్షరాల్లో
సేవకి పది శాతం అని ఉంది.
కూడబలుక్కుని రెండుసార్లు చదివాను.

సన్నికల్లంత నల్లరాయి మీద
చిటికెన వేలంత రొయ్య వచ్చింది.
నవ్వుతానేమోనని పాణి నా మొహంలోకి చూశాడు.
నవ్వలేదు.
దాన్ని నిప్పు మీంచి తీసిన క్షణంలో
ఎవరో ఊపిరి బిగబట్టి ఉంటారు.
ఇంకో అరనిమిషం ఆగితే రబ్బరు.
పూటకి మూడొందల ఆకులు లేపే చోట
ఆ అరనిమిషం మాకెన్నడూ దొరకలేదు.

తర్వాత ఏవేవో వచ్చాయి, గిన్నె మూతలోంచి పొగ,
పొగ కింద పుట్టగొడుగు,
గోరంత రొట్టె, దానికి వేరే కత్తి.
నేను ఎళిలన్ కాళ్ళే చూస్తున్నాను.
సాయంత్రం నాలుగింటి నించి నిలబడి ఉంటాడు.
ఎడమ మడమ మీది బరువు కుడి మడమకి
ఎవరికీ తెలియకుండా మారుస్తున్నాడు.
నా మోకాళ్ళకి తెలిసింది.

అయిదో ప్లేటు దగ్గర పాణి గొంతు సవరించుకున్నాడు.
"తొంభై ఏడులో రెండు నెలల భోజనం బాకీ పడ్డాను.
మీరు పుస్తకంలోకి ఎక్కించలేదు."
పుస్తకం ఓనరుది నాయనా, నాది గరిటె.
నాకు గుర్తున్నది బాకీ కాదు.
సి.ఎ. పరీక్ష పోయిన రోజు వచ్చి మూల బల్ల దగ్గర కూచున్నాడు.
నెయ్యి తెస్తే వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు,
తల ఎత్తకుండా.
నేను ఆ వేళ్ళ సందుల్లోంచే పోశాను.
కాలే ఉంటుంది.
చెయ్యి తియ్యలేదు, మాట్లాడలేదు,
అన్నంతో పాటు వేళ్ళు కూడా నాకాడు.
అది అతనికి గుర్తుందో లేదో అడగలేదు.

వంటింట్లోంచి ఒకమ్మాయి వచ్చింది, తెల్లకోటు,
మణికట్టు మీద పాత వాత.
"ఎప్పడి ఇరుక్కు సార్?"
అంతా ఎలా ఉందీ అని.
నా జన్మలో నేనడిగింది ఒక్కటే ప్రశ్న, "ఇంకాస్త?"
ఎలా ఉందని అడిగితే నిలబడి వినాలి.
ఈలోగా వెనక పన్నెండు ఆకులు ఖాళీ అవుతాయి.
నాకొచ్చిన అరవంలో రొయ్య సంగతి చెప్పాను,
ఆ అరనిమిషం సంగతి.
ఆమె నాకేం చెప్పలేదు.
వెనక్కి తిరిగి, అద్దంలోంచి, నిప్పు దగ్గరున్న కుర్రాడికి
వేలు పెట్టి నన్ను చూపించింది.

చివర్లో తీపి.
ఎళిలన్ వెండి జగ్గులో ఏదో వేడిగా తెచ్చి
నా భుజం పక్కన వంగాడు.
అప్పుడు నా చెయ్యి నన్నడక్కుండా
ప్లేటు మీదికి వెళ్ళింది,
అరచెయ్యి కిందికి, వేళ్ళు ఎడంగా.
ఇన్నేళ్ళూ వేలమంది పెట్టగా చూసిందే తప్ప
అది తనుగా ఎన్నడూ పెట్టి ఎరగదు.

పిల్లవాడు ఆగిపోయాడు.
"సారీ సర్" అని జగ్గు వెనక్కి తీసుకున్నాడు.
బాగా నేర్పారు.
నా వేళ్ళ సందులు మాత్రం
ఇంకాసేపు
అలాగే తెరుచుకుని ఉన్నాయి.