ఏమో సీసా

స్పిట్‌ఫైర్ బానెట్ అన్ని బండ్లలా తెరుచుకోదు.
రెక్కలతో, దీపాలతో సహా ముక్కంతా ముందుకు వాలి
నేలను వాసన చూస్తుంది.
అప్పుడు ముందు టైరే నాకు పీట.
ముప్పై ఏళ్లు పోర్ట్ టాల్బట్ ఉక్కు మిల్లులో నిలబడ్డ మోకాళ్లకి
ఏ యంత్రమూ ఇంత మర్యాద చెయ్యలేదు.

ఇంజన్ని నవంబరులోనే పైకి తీశాం.
గొలుసుకు వేలాడుతూ అది
తన చుట్టూ తాను ఒకసారి తిరిగి
తలుపు వైపు చూస్తూ ఆగింది.

మిగిలింది ఖాళీ.
ఖాళీ నిండా ఏభై ఏళ్ల జిడ్డు.
హీటరు పెట్టెలో ఎలుకలు పేర్చుకున్న గూడు:
సీటులోని దూది, రోడ్డు మ్యాపు పేలికలు,
ఒక పేలిక మీద అబెరిస్ట్‌విత్‌లో సగం.
బ్యాటరీ కూర్చునే చోట ఆసిడ్ తిన్న రేకు
వేలు ఆనితే అప్పడంలా విరిగింది.

కిరోసిన్, వంట సోడా నీళ్లు,
పళ్లు తోముకునే బ్రష్షులు నాలుగు, తిట్లు.
పక్కింటి హెలెద్‌కి పదమూడేళ్లు.
తిట్లు నేర్చుకోవడానికే వస్తోందని వాళ్లమ్మ అనుమానం.
విప్పిన ప్రతి నట్టునీ జామ్ సీసాల్లో వేసి
చీటీలు అంటిస్తుంది:
"ముందరి కార్బ్యురేటరు". "వెనకది". "ఏమో".
అన్నిటికన్నా నిండుగా ఉన్నది ఏమో సీసాయే.

గీకితే పైన ఎరుపు, ఎవడో హడావిడిగా కొట్టింది,
వైర్లని కూడా వదలకుండా.
దాని కింద తెలుపు. ఆ కింద అసలు రంగు, ముదురు నీలం,
ఎవరూ చూడరనుకున్న మూలల్లో పల్చబడిపోతూ.

అక్కడే, హీటరు వెనక గోడరేకు మీద,
అతుక్కి లప్పం పూసిన వేలొకటి
జానెడు దూరం నున్నగా వచ్చి
చివర చటుక్కున పక్కకి తిరిగింది.
ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు.
లేదా టీ గంట కొట్టినట్టు.

నా చేతిలో తీగ చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది.
"ఆపు, ఇద్వల్."
హెలెద్ తన చూపుడు వేలు ఆ గాడిలో పెట్టింది. సరిపోయింది.
నాది పెట్టి చూశాను. పట్టలేదు.

కవెంట్రీ కార్ఖానాలో ఇంత సన్నటి వేలు ఎవరిది?
బడి మానేసి చేరిన కుర్రాడిదా?
యుద్ధంలో విమానాలకి రివెట్లు కొట్టి
అయిపోయింది ఇంటికి పొమ్మన్నా పోని ఆవిడదా?
రోజుకెన్ని అతుకులు పూసేవాళ్లో నాకు తెలియదు.
రాత్రి భోజనం దగ్గర
గోళ్ల సందుల్లోంచి ఏం తీసుకునేవాళ్లో తెలుసు.

నేను వత్తిన రేకులు ఎక్కడెక్కడికో పోయాయి.
ఒక్కదాని మీదా నా వేలు లేదు.
ఎర్రగా కాలే ఉక్కుని ఎవడు ముట్టుకుంటాడు?

ప్రదర్శనలో జడ్జీలు అద్దం దూర్చి మరీ చూస్తారు,
లప్పం వంకర ఉంటే మార్కులు కోస్తారు, అన్నాడు ఎమ్రిస్.
కొయ్యనీ.
చుట్టూ గీకాను. ఆ జానెడూ వదిలేశాను.
దాని మీద నీలం రెండు పూతలు,
పసిపాపకి కాటుక దిద్దినంత పల్చగా.

మార్చిలో ఇంజను దిగింది.
మూడుసార్లు దగ్గి,
నాలుగోసారి వీధిలో కుక్కలన్నిటినీ లేపి,
తర్వాత ఏమీ ఎరగనట్టు సన్నగా గొణగసాగింది.

రాకర్ కవరు మూల నుంచి
ఒక నూనె చుక్క బయల్దేరింది.
"కారుతోంది" అంది హెలెద్.
కారన్నాక కారదా.

గుడ్డ చేతిలోకి తీసుకున్నాను.
చుక్క కొత్త నీలం దాకా దిగి
ఎటు పోదామా అన్నట్టు నిలబడింది.
చెరో టైరు మీద కూర్చుని
ఇద్దరం దాన్నే చూస్తున్నాం.

ఏమో సీసాలో
ఇంకా రెండు బోల్టులున్నాయి.