నెత్తుట్లో నూలు

పొందూరు నుంచి మొదటి బస్సుకే దిగుతుంది ఆదెమ్మ.
శ్రీకాకుళంలో ఇంకా దీపాలు ఆర్పరు.
చీటీ నెంబరు పదిహేడు.
చెప్పు ఒకటి ఆస్పత్రి మెట్ల దగ్గరే జారిపోయింది,
ఆమెకి తెలీదు.
నేనే వెళ్లి తెచ్చాను.

రొమ్ము గడ్డకి ఏడో వారం మందు ఇవాళ.
డాక్టరు కాగితం చూస్తూ అడుగుతారు:
తిమ్మిరి ఎంత? సున్నా నుంచి పది లోపల చెప్పు.
"నేదు బావూ. సున్నాయే."
మందు ఆపేస్తారని భయం.
అబద్ధం చెప్పేటప్పుడు చేతులు
కొంగు కిందికి పోతాయి.

నేను రక్తం తీసేదాన్ని.
సూది దిగాక, గోడవైపు తిరిగి, నాకు చెప్పింది:
"యేళ్లు నావి గావు తల్లీ.
వాలుగ సేప దవడతో దూది ఏకుతుంటే
పన్ను దిగిపోనాది బొటనేలికి.
దూది ఎర్రబడితే గానీ తెల్దు.
వందో నెంబరు నూలు కంటికి ఆనదు,
యేలికే ఆనాల.
ఇప్పుడు కదురు తిరుగుతాది,
పోగు ఉన్నాదో తెగిందో
పక్కనున్న సుక్కమ్మ సెప్పాల."

ఎక్కడా రాయలేదు నేను. రాయనని మాటిచ్చాను.
గొట్టం మీద ఆమె పేరు అంటించి
ఐసు పెట్టెలో పెట్టి విశాఖ బండెక్కించాను.

పది రోజులకి వచ్చింది అంకె.
మొదటి మందుకి ముందు పదకొండు.
ఇప్పుడు అరవై నాలుగు.
గ్రాముని లక్ష కోట్ల ముక్కలు చేస్తే
అలాంటివి అరవై నాలుగు, ఒక మిల్లీలీటరులో.
నరం లోపల సన్నటి పోగులుంటాయట.
నరం చితికితే అవి తెగి
నెత్తుట్లోకి కొట్టుకొస్తాయట.
ఇదింకా పరిశోధనే, అన్నారు డాక్టరు,
ఈ ఒక్క అంకెతో ఏదీ తేల్చలేం అన్నారు.
అని, ఆమెని పిలిచి
తన తెల్లకోటు విప్పి ఇచ్చి
ఒక్క గుండీ పెట్టమన్నారు.
నాలుగుసార్లు జారింది.

మందు తగ్గించారు. ఆపలేదు.

విడమరిచి చెప్పాల్సింది నేను.
"నా నెత్తుట్లో నూలా!" అంది.
"ఎన్నో నెంబరు?"
నవ్వాలో లేదో తెలీలేదు.
"తెగింది అతుకుతాదా మరి?
మా పనిలోనయితే రెండు కొసలూ కలిపి నలిపితే సాలు."
కొందరికి, నెమ్మదిగా, అన్నాను.
కొందరికి అన్న మాట విందో లేదో.

పళ్లెంలోంచి కొత్త దూది ముక్క తీసుకుంది.
వేళ్ల మధ్య నలిపింది, మళ్లీ నలిపింది.
తర్వాత పెదవికి ఆనించుకుని
కళ్లు మూసింది.
"మిల్లుది. పోగు పొట్టి.
కొండపత్తి గాదు."